బోణీ కాకముందు

సరోజినీ ఆడియో ప్యాలెస్‌లో సేల్స్ చూసే తారకేశ్వరరావు వచ్చినవాళ్ళ మొహాలు చూడడు, కాళ్ళు చూస్తాడు. లోపల పరిచిన ఎర్ర కార్పెట్టు పాడవకుండా చెప్పులు గుమ్మం బయటే విడవాలన్నది ఆ షాపు నియమం. విడిచిన చెప్పుల్ని ఓసారి చూశాడంటే ఆ మనిషి కొనడానికొచ్చాడో, పొద్దుపోక వచ్చాడో తారకం చెప్పేస్తాడు. మడమ అరగని తోలు చెప్పులైతే డబ్బాలు మోసే బైరాగిని కూల్‌డ్రింకుకి పరిగెత్తిస్తాడు. కుట్లు వేయించినవైతే ఏ బడిపంతులో గుమస్తానో అయుంటాడు. అన్నీ అడుగుతాడు, ఏదీ కొనడు. అలాంటివాడికి ధర కాస్త పెంచి చెబితే తనంతట తనే వెళ్ళిపోతాడు. రబ్బరు చెప్పులైతే మాటే లేదు, "స్టాకు లేదండి, వచ్చే వారం కనబడండి." పలాస, కాశీబుగ్గ రెండూళ్ళలోనూ ఈ విద్యలో తారకాన్ని కొట్టేవాడు లేడని యజమాని గోవిందరావు పదిమందిలో చెప్పుకుంటాడు. తారకం కూడా అది నిజమేనని నమ్మాడు. అతని మీద మనకి కోపం వస్తే రావచ్చు గానీ, పని మటుకు నేర్చుకున్న మనిషి.

హోం థియేటరన్న మాట ఆ పక్కల అప్పుడప్పుడే వినబడుతున్న రోజులవి. గోవిందరావు అందరికన్నా ముందు మేలుకుని, షాపు వెనక భాగంలో ఒక వినే గది కట్టించాడు. కంచిలి నుంచి కొబ్బరిపీచు చాపలు తెప్పించి నాలుగు గోడలకీ కొట్టించి, పైన ముదురాకుపచ్చ గుడ్డ కప్పించాడు. తలుపు చుట్టూ స్పాంజి. ఆ తలుపు మూస్తే మెయిన్ రోడ్డు మీద లారీ హారన్ కూడా లోపలికి రాదు. తారకం మెత్తటి కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, వరసగా రెండు సెట్లు వినిపిస్తాడు. తను అమ్మదలుచుకున్న దానికి రిమోటు మీద ఒక్క గీత సౌండు ఎక్కువ పెడతాడు. కాస్త గట్టిగా పలికిందే మంచిదనుకుంటుంది చెవి. ఆ ఒక్క గీతతోనే సగం జీడి ఫ్యాక్టరీల వాళ్ళ ఇళ్ళల్లోకి జపాన్ సెట్లు వెళ్ళాయి.

ఆ సోమవారం పొద్దున్న గుమ్మం ముందు అసలు చెప్పులే లేవు. దేవుడి పటం దగ్గర అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు. పగుళ్ళలో తెల్లగా ఇసుక ఇరుక్కున్న రెండు పాదాలు మెట్టు మీద నిలబడి ఉన్నాయి.

"బావూ, పెద్ద సెట్టొకటి కావాల," అంది ఆ మనిషి.

స్టాకు లేదన్న మాట తారకం నోటి చివరికి వచ్చేసింది. కానీ ఆమె కొంగు ముడి గట్టిగా, బరువుగా ఉంది. "ఎంత పెద్దదమ్మా?" అన్నాడు.

"మీకాడున్న అన్నింటికన్నా ఏది పెద్దదో అది."

"ఏటింతావు దాన్లో? భక్తి పాటలా, సినిమా పాటలా?"

"ఏవైనా ఒకటే. నాకు పాట కోసం కాదు. సంద్రం ఇనబడకండా ఉండాల." ఆమె చెవి మీద చెయ్యి వేసుకుంది. "మాది ఒడ్డు మీదిల్లు. రాత్రీ పగలూ అదే గోల. కన్ను మూస్తే సెవిలోకొచ్చి కూకుంతంది. నిద్దర పోయి ఎన్నాల్లయిందో నాకే తెల్దు. సంద్రం కన్నా గట్టిగా పలికీ సెట్టుంతే ఇయ్యి బావూ."

తారకానికి నవ్వొచ్చింది. "ఒడ్డు మీద పుట్టి పెరిగి సముద్రం గోలంటావేటమ్మా."

"పుట్టినకాడ్నుంచీ ఉంది. అప్పుడు ఇనబడీది కాదు. ఇప్పుడు ఇనబడతంది," అందామె.

ఈలోగా బైరాగి తారకం చొక్కా వెనక నుంచి లాగి, కౌంటరు పక్కకి తీసుకెళ్ళాడు. బైరాగిది వజ్రపుకొత్తూరు వైపు. నడివయసువాడు, ఊరికే మాట్లాడే రకం కాదు. "ఆవిడ మా పక్క పల్లె, రాజులమ్మ," అన్నాడు గొంతు తగ్గించి. "మొగుడు దానయ్యని సంద్రం పట్టుకుపోయింది. తెప్ప ఒడ్డుకొచ్చింది గానీ మనిషి రానేదు. పెద్దలు గాజులు తీసీమన్నారు. మనిషిని సూపెట్టండి, తీసీత్తానంది. అప్పట్నుంచి పెల్లికీ పిలవరు, పేరంటానికీ పిలవరు. ముత్తయిదువనాలో, కాదనాలో ఎవులికీ తెల్దు."

అప్పుడు చూశాడు తారకం ఆమె చేతుల వైపు. రెండు చేతులకీ ఎర్రగాజులున్నాయి. నుదుటన కుంకం బొట్టు రూపాయి కాసంత ఉంది. కళ్ళ కింద చర్మం నల్లగా వడిలిపోయింది.

గోవిందరావు కౌంటరు దగ్గర అంతా విన్నాడు. చెడ్డవాడని అతన్ని ఎవరూ అనరు. పండక్కి పనివాళ్ళకి బట్టలు పెడతాడు, గొంతెత్తి తిట్టడు. కానీ షాపు పెట్టిన దగ్గర నుంచీ బోణీ విషయంలో అతనికి ఎక్కడలేని భయం. పొద్దున్న మొదటి బేరం ఎవరి చేతి మీదుగా అయితే ఆ రోజంతా ఆ చేతి ఫలమే అంటాడు. "బోణీ అయ్యాక రమ్మను తారకం," అన్నాడు. "మర్యాదగా చెప్పు."

మర్యాదగా చెప్పడం తారకానికి వెన్నతో పెట్టిన విద్య. తెల్లకాగితం మీద కొత్త పెన్నుతో రాసినట్టు చెప్పాడు. రాజులమ్మ విని, "బోణీ ఎప్పుడవుతాది బావూ?" అంది.

"ఎవరైనా కొంటే అవుతాది."

"అయితే కూకుంతాను. కూకోడం నాకు కొత్తేటి."

చెప్పులు విడిచే మెట్టు మీద ఓ పక్కకి ఒదిగి కూర్చుంది. కిరాణా కొట్టుకైతే బోణీ నిమిషాల్లో తెమిలే పని. ఇది క్యాసెట్లూ బ్యాటరీలూ అమ్మే కొట్టు కాదు, ఖరీదైన సరుకు, కొన్ని రోజులు అసలు బోణీయే ఉండదు. ఆ రోజు అలాంటి రోజే అయింది. వచ్చినవాళ్ళు ఆమె పక్కన చెప్పులు విడిచారు, విన్నారు, మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయారు. చీకటి పడే వేళకి వజ్రపుకొత్తూరు బస్సు హారన్ వినబడితే ఆమె లేచి, చీర దులుపుకుని, "రేపొత్తాను బావూ," అని చెప్పి మరీ వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న తారకం ఇంటి నుంచి ఎప్పటిలాగే బయల్దేరాడు. వెనక పెరటి తలుపు గడియ టక్కుమంది. భార్య ఉమ నీళ్ళచెంబు పట్టుకుని వీధి వైపు నుంచి ఎదురొచ్చింది. గడప దాటి సైకిలెక్కాడు. షాపు దగ్గరికి వచ్చేసరికి షట్టరు ముందు రాజులమ్మ కూర్చుని ఉంది.

షట్టరు తాళం తీస్తుంటే ఆమె లేచి పక్కకి జరిగి, "బావూ, ఒక మాట. నాను కొంతే అది బోణీ కాదేటి?" అంది.

తారకం తాళం తీస్తూ ఉండిపోయాడు. ఆమె కొంగులో డబ్బుంది. మొగుడి వలలమ్మిన డబ్బని బైరాగి రాత్రి చెప్పాడు. కొనడానికే వచ్చింది. కొంటే బోణీ అవుతుంది. నిన్నంతా షాపులో ఉన్న ముగ్గురికీ ఆ సంగతి తెలుసు, ఒక్కరూ ఆ మాట అనలేదు. "అది మా సావుకారు చూసుకుంటాడమ్మా," అని షట్టరెత్తి లోపలికి పోయాడు.

ఆ పూట కురుస్తూ మానుతూ వాన. పది దాటాక ఒక రోడ్డు కాంట్రాక్టరు వచ్చాడు. తోలు చెప్పులు, కొత్తవి. బైరాగి కూల్‌డ్రింకుకి పరిగెత్తాడు. తారకం అతన్ని వినే గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, మొదటి సెట్టు వినిపించాడు. తర్వాత రెండోది, ఒక్క గీత ఎక్కువ పెట్టి. కాంట్రాక్టరు తలూపుతున్నాడు, వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. బేరం కుదిరిపోయిందనే అనుకున్నాడు తారకం. పాట అయిపోయి ఇంకో పాట అందుకునే లోపు, ఆ కాస్త ఖాళీలో, స్పీకర్లలోంచి సన్నగా హో అని ఒక చప్పుడు వచ్చింది.

అది ప్రతి సెట్టులోనూ ఉండేదే. కరెంటు పారే చప్పుడు. ఇన్నేళ్ళూ ఉంది, ఎప్పుడూ వినబడలేదు. ఇప్పుడు వినబడింది. ఒక అల వెనక్కి పోతూ ఇసుకని ఈడ్చుకుపోయిన చప్పుడులా ఉంది.

"ఏటది, ఏదో ఊదుతున్నట్టుంది?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఏం లేదు సార్."

"ఉంది. ఇదిగో, మళ్ళీ." ఓ నిమిషం చెవి ఒగ్గి విని, లేచాడు. "ఆలోచించి చెప్తాలే."

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అతని చెప్పులు వానజల్లు తగలకుండా గోడవారకి జరిపి, జతగా పెట్టి ఉన్నాయి. మిగతావాళ్ళవీ అంతే. పక్కనే రాజులమ్మ. కాంట్రాక్టరు చెప్పులు తొడుక్కుని, జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి ఆమె ముందు మెట్టు మీద పడేసి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. రాజులమ్మ ఆ బిళ్ళ వైపు చూసింది. తియ్యలేదు, తొయ్యలేదు. లోపలి నుంచి తారకం చూస్తూనే ఉన్నాడు. ఆవిడ కస్టమర్ సార్ అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదతనికి. సిగ్గేసింది. సిగ్గేసినా రాలేదు.

గోవిందరావు తల పట్టుకున్నాడు. "ఖాయమనుకున్న బేరం కూడా పోయిందంటే నేనేం చెప్పను. ఆవిణ్ణి ఎదటి పంచలో కూర్చోమనండి. అరుగు బాగుంటుంది, వాన కూడా తగలదు." తర్వాత ఏమనుకున్నాడో, బైరాగి చేతికి చిల్లరిచ్చి, "ఆవిడకి టీ ఒకటి ఇప్పించు," అన్నాడు.

రాజులమ్మ రోడ్డు దాటి ఎదటి పంచలోకి వెళ్ళింది, టీ తాగింది, గ్లాసు కడిగి ఇచ్చింది. కానీ షాపు తలుపులు అద్దాలవి. తారకం ఎటు తిరిగి నిలబడినా ఏదో ఒక అద్దంలో ఎర్రగాజుల చెయ్యి చెవి మీద పెట్టుకుని ఆమె కనబడుతూనే ఉంది. సాయంత్రం షట్టరు దించేటప్పుడు చూస్తే బిళ్ళ ఆ మెట్టు మీదే ఉంది. ఆ రోజూ బోణీ కాలేదు.

రాత్రి భోజనం దగ్గర తారకం ఈ సంగతి ఎత్తాడు. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాడు. ఉమ "అయ్యో పాపం" అంది. తల్లి కాంతమ్మ గోడకానుకుని చింతపండులో పిక్కలు తీస్తోంది. తండ్రి పోయి అయిదేళ్ళయింది. అప్పట్నుంచీ ఆమె మాట తక్కువ, పని ఎక్కువ.

"మీ సావుకారు సెప్పిందాన్లో తప్పేటుందిరా," అంది కాంతమ్మ తలెత్తకుండా. "బోణీ కాకండా ఎలా రానిత్తాడు. ఆవిడే తెల్సుకోవాల. ఎప్పుడెదురెల్లాలో, ఎప్పుడు తప్పుకోవాలో మాకొకరు సెప్పాలేటి. మేవే తెల్సుకుంతాం."

తారకం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మేము అంది. రాజులమ్మని ఎన్నడూ చూడలేదు, పేరు కూడా ఇప్పుడే విన్నది, అయినా మేము అంది. ఉమ ఇంకాస్త పులుసు పొయ్యనా అంటే వద్దని లేచిపోయాడు.

బుధవారం పొద్దున్న గడియ టక్కుమన్నప్పుడు అతనికి అర్థమైంది. అది గాలికి పడే గడియ కాదు. తను చొక్కా తొడుక్కుని సైకిలు తాళం చేతిలోకి తీసుకోగానే అమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి, పెరట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుంటుంది. తను వీధి మలుపు తిరిగాక బయటికి వస్తుంది. అయిదేళ్ళుగా అంతే. అలా చెయ్యమని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అలా చెయ్యొద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఉమ చెంబుతో ఎదురొస్తే తను నవ్వుకుంటూ సైకిలెక్కేవాడు. ఆ పూటా ఎక్కాడు, నవ్వు మాత్రం రాలేదు. దారంతా వాన. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు కూడా చెవిలో ఆ గడియ చప్పుడే.

గోవిందరావు భూమి తగాదా మీద టెక్కలి కోర్టుకి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రానన్నాడు. మధ్యాహ్నం దాటినా షాపులో అడుగు పెట్టినవాడు లేడు. ఎదటి పంచలోకి కూడా జల్లు కొడుతోంది. రాజులమ్మ గోనెపట్టా కప్పుకుని గోడకి అతుక్కుని ఉంది. తారకం కాసేపు చూశాడు. తర్వాత గొడుగు కూడా లేకుండా రోడ్డు దాటి వెళ్ళాడు.

"రా అమ్మా, లోపలికి."

"బోణీ అయ్యిందేటి?"

"కాలేదు. రా."

బైరాగి పక్కకి జరిగి దారిచ్చాడు. గుమ్మం దగ్గర రాజులమ్మ కొంగుతో కాళ్ళు తుడుచుకుంది, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. "ఈ ఎర్రదాని మీద అడుగెయ్యొచ్చా?" అంది. వెయ్యమన్నాడు.

వినే గదిలో ఆమె కుర్చీలో కూర్చోలేదు. నేల మీదే, పెద్ద స్పీకరు పక్కన చతికిలబడింది. తారకం తలుపు మూసి షాపులోకెల్లా పెద్ద సెట్టు పెట్టాడు. రెండో సెట్టు పెట్టలేదు, రిమోటుతో గీతల ఆట ఆడలేదు. డప్పుల మోత గదినిండా లేచింది. ఆమె కళ్ళు మూసుకుని విని, అడ్డంగా తలూపింది.

"దీని కింద ఇనబడతంది బావూ."

ఇంకా పెంచాడు. కుర్చీ చెయ్యి అదురుతోంది. ఆమె మళ్ళీ తలూపింది. "పాట ఎంత పెద్దదైతే అదీ అంత పెద్దదవుతంది. పాట ఆగినకాడ మరీ వత్తంది." గొంతులో ఏడుపు లేదు. వైద్యుడితో నొప్పి ఎక్కడో చెప్పినట్టు చెబుతోంది. ఇంకో పాట పెట్టాడు. ఇంకొకటి. వలలమ్మి తెచ్చిన డబ్బుకి ఈ సెట్టు పనికిరాదని ఇద్దరికీ తెలిసిపోతోంది. ఇది కాకపోతే ఆమెకి ఇంకో దారి లేదు, పలాసలో ఇంతకన్నా పెద్ద సెట్టు లేదు.

అప్పుడు కరెంటు పోయింది.

పాట మధ్యలో తెగింది. ఏసీ గుర్రుమని ఆగింది. చీకట్లో తారకం తడుముకుంటూ వెళ్ళి సెట్టు మెయిన్ స్విచ్చి ఆపాడు, కరెంటు వచ్చినప్పుడు ఒక్కసారిగా మోగితే స్పీకరు పాడవుతుందని ప్రతిసారీ చేసే పనే అది. చేశాక అక్కడే నిలబడిపోయాడు. ఆ గదిలో సెట్టు ఆపి, నోరు మూసుకుని, అతనెప్పుడూ నిలబడలేదు. వాన చప్పుడు లేదు. రోడ్డు లేదు. పీచు చాపలు ఉన్న చప్పుడంతా తాగేశాయి.

"ఆగింది," అంది రాజులమ్మ చీకట్లోంచి.

"కరెంటు పోయిందమ్మా. బైరాగి జనరేటరు వేస్తాడు."

"కాదు బావూ. ఆగింది." ఆమె గొంతు మారిపోయింది. "ఒద్దు, ఏటీ ఎయ్యొద్దు. ఒక్క సిటం ఉండనీ."

తారకం తలుపు సందు చేసి, తాడు పట్టుకుని జనరేటరు మీదికి వంగిన బైరాగిని చెయ్యూపి ఆపాడు. మళ్ళీ మూశాడు. గాజులు ఒకసారి గలగలమన్నాయి, ఆమె స్పీకరుకి ఒరిగినట్టుంది. కాసేపటికి ఊపిరి బరువుగా, నెమ్మదిగా రావడం మొదలైంది. నిద్రపోయింది. పసిపిల్ల పడుకున్నట్టు ఉన్నపళాన పడుకుంది. తారకం కదలకుండా కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆమెకి సముద్రం ఆగిందేమో గానీ, అతనికి మాత్రం పెరటి తలుపు గడియ వినబడుతూనే ఉంది. టక్. మళ్ళీ టక్. చెవులు మూసుకున్నా అదే. భయమేసి, గదిలో లైటు, ఏసీ స్విచ్చిలు కూడా ఆపేసి, బయటికి వచ్చేసి, తలుపు జాగ్రత్తగా వేసి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

కరెంటు వచ్చిన కాసేపటికి గోవిందరావు కారు ఆగింది. మొహం వెలిగిపోతోంది. వెంట జీడి ఫ్యాక్టరీ జయకృష్ణ ఉన్నాడు. టెక్కలిలో కనబడితే కొత్తింటికి హోం థియేటరు చూపిస్తానని పట్టుకొచ్చాడు. బోణీని స్వయంగా కారెక్కించుకుని తెచ్చుకున్నాడన్నమాట. జయకృష్ణ తోలు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"వినే గది తియ్ తారకం."

తారకం స్టూలు మీంచి లేచాడు గానీ తలుపు ముందు నుంచి కదలలేదు. "కాసేపు కూర్చోండి సార్. లోపల కస్టమర్ ఉన్నారు."

జయకృష్ణ గుమ్మం వైపు తిరిగి చూశాడు. అక్కడ తన చెప్పులు తప్ప వేరే జత లేదు. "ఎవరివీ చెప్పులు లేవే?" అన్నాడు.

"ఉన్నారు సార్," అన్నాడు తారకం.

బైరాగి తలొంచుకున్నాడు. గోవిందరావు ఒకసారి తారకాన్ని, ఒకసారి ఎదటి ఖాళీ పంచని చూశాడు. మొహంలో వెలుగు ఆరిపోయింది. జయకృష్ణ కూల్‌డ్రింకు తాగాడు, గోడ మీద బొమ్మలు చూశాడు, వాచీ చూసుకున్నాడు. తనని ఇంతసేపు ఆగమన్న షాపు అతనికి ఇంతవరకూ తగిలినట్టు లేదు. చివరికి, "రేపో ఎల్లుండో వస్తాలే గోవిందరావు గారూ," అని చెప్పులు తొడుక్కుని, ఫ్యాక్టరీ కారు పిలిపించుకుని వెళ్ళిపోయాడు.

"లోపల ఎవరు?" అన్నాడు గోవిందరావు.

"రాజులమ్మ."

"బోణీ కాకముందా."

"అవునండి."

గోవిందరావు తారకాన్ని పక్కకి తప్పించి తలుపు తీశాడు. సందులోంచి వెలుతురు నేల మీద పడింది. స్పీకరు మీద చెయ్యి వేసి, నోరు కాస్త తెరిచి, రాజులమ్మ నిద్రపోతోంది. గాజుల చెయ్యి ఊపిరితో పైకీ కిందికీ కదులుతోంది. అతను అరుస్తాడనే అనుకున్నాడు తారకం. అరవలేదు. ఎంతసేపో చూసి, తలుపు తనే మెల్లిగా మూశాడు. కౌంటరు దగ్గరికి వచ్చి కోర్టు కాగితాల సంచీ తీసుకున్నాడు.

"రేపొద్దున్న షాపు తెరిచి, తాళాలు నా చేతికిచ్చెయ్ తారకం. ఆ తర్వాత మాట్లాడుకుందాం," అని కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ మాటకి అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

దీపాలు పెట్టే వేళకి లేచింది రాజులమ్మ. బయటికి వచ్చి, వెలుతురుకి కళ్ళు చికిలించి, కొంగు ముడి తడిమి చూసుకుంది. ముడి ముడిలాగే ఉంది.

"కల్లోకి కూడా రానేదు," అంది. ఎవరని తారకం అడగలేదు. ఆమె గది వైపు చూసి, "బావూ, సెట్టొద్దు గానీ, ఈ గదికెంత?" అంది.

"గది అమ్మరమ్మా."

"సెట్లన్నీ దీన్లోనే పెట్టి ఇనిపిత్తారు గదా. మరి కొనుక్కుని ఇంటికి పట్టుకెల్తే ఈ గది కూడా రాదేటి?"

"రాదు," అన్నాడు తారకం. ఇన్నేళ్ళలో కస్టమరుకి అతను చెప్పిన మొదటి నిజం అది. "ఇంటికెళ్ళాక ఏ సెట్టూ ఇలా పలకదు."

రాజులమ్మ ఆ మాట ఆలోచించింది. ఆశ పోయిన మొహం కాదది, కానీ రేపటి రాత్రి గుర్తొచ్చిన మొహం. "మరింక నాకెలా?" అంది మెల్లిగా.

తారకం చేతిలో తాళాల గుత్తి ఉంది. రేపు షాపు తెరిచేవరకే అవి తన చేతిలో ఉండేది. అయినా అన్నాడు, "రేపు పొద్దున్నే రా. ఆ వేళకి గదిలో ఎవరూ ఉండరు. బోణీ కాకముందే రా."

"ముందా, తరవాతా?" సరిగ్గా విన్నానో లేదో అన్నట్టు అడిగింది.

"ముందే," అన్నాడు.

ఆమె మెట్టు దిగుతూ ఆగి, అక్కడున్న బిళ్ళ తీసి తారకం చేతిలో పెట్టింది. "ఆ బాబొత్తే ఇచ్చీ. మరిసిపోనాడు," అని బస్సుకి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున్న తారకం చొక్కా తొడుక్కున్నాడు, తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు. ఉద్యోగం సంగతి, రాజులమ్మని పొద్దున్నే రమ్మన్న సంగతి రాత్రే ఉమకి చెప్పాడు. గోడలు పల్చనివి, కాంతమ్మ వినే ఉంటుంది. ఉమ చెంబు పట్టుకుని వీధిలో నిలబడింది. గడియ టక్కుమంది.

తారకం గడప దాటలేదు. వెనక్కి నడిచి పెరటి తలుపు తోశాడు. గడియ పడి ఉంది. తట్టాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. కాంతమ్మ తొట్టి పక్కన ఉంది. బట్టలు ఉతకడం లేదు, గిన్నెలు తోమడం లేదు, ఊరికే గోడ వైపు తిరిగి నిలబడింది. అయిదేళ్ళూ రోజూ ఇక్కడ ఇలాగే నిలబడిందన్నమాట.

"ఏటి మరిసిపోనావురా?" అంది కంగారుగా.

"నువ్వు ముందుకి రా. నువ్వెదురు రా."

"నీకేటి పిచ్చా. ఇయ్యాలేటి పని మీద ఎల్తన్నావో నాకు తెల్దనుకున్నావా. ఇయ్యాల్లాంటప్పుడు నా మొకమెందుకురా."

"ఇయ్యాలే రావాల."

"కొలువు పోతాది."

"పోతే పోతాది," అని తారకం వెళ్ళి వీధి గడప మీద కూర్చున్నాడు. రాజులమ్మ మెట్టు మీద కూర్చున్నట్టే, ఓ పక్కకి ఒదిగి. ఉమ చెంబు దించి అరుగు మీద పెట్టేసింది. పక్కింటివాళ్ళు చూస్తున్నారు. పాల సైకిలు వెళ్ళింది. బడిపిల్లలు వెళ్ళారు. షాపు తెరిచే వేళ దాటిపోతోంది. తారకం లేవలేదు.

చివరికి పెరటి సందులోంచి చుట్టూ తిరిగి కాంతమ్మ వీధిలోకి వచ్చింది. తల వంచుకుని, బోసి నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరైనా కసురుతారేమోనన్నట్టు గోడవారగా నడిచింది. తారకం ఆమె కాళ్ళ వైపు చూడలేదు. దగ్గరికి వచ్చాక, మెల్లిగా ఆ చెయ్యి దించాడు. కళ్ళ కింద చర్మం నల్లగా, వడిలిపోయి ఉంది. రాజులమ్మకి ఉన్నట్టే. ఒకే ఇంట్లో ఉంటూ, ఇన్నాళ్ళూ దాన్ని చూడలేదతను.

"అమ్మా, రాత్రులు నీకు నిద్దర పడతందా?" అన్నాడు.

కాంతమ్మ కొంగుతో అతని చొక్కా భుజం మీద లేని దుమ్ము దులిపింది.

"ఎల్లరా," అంది. "ఆవిడొచ్చి కూకునుంతాది."